టెట్రాసైక్లిన్ కోసం తిరిగిన తిరుగుడు: హెచ్. పైలోరి రెండో కోర్సు, నా అనుభవం

కడుపులో చేరి పుండ్లు చేసే హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియాకి మొదటి కోర్సు వాడినా తగ్గక, డాక్టరు రెండో కోర్సు రాస్తే ఆ చీటీ పట్టుకుని షాపుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వైద్యం సంగతి మీ డాక్టరు చూసుకుంటారు. చీటీలో ఉన్న ఒక పాతకాలపు చవక మందు ఎక్కడా దొరకనప్పుడు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, కౌంటర్ దగ్గర దాని బదులు ఇంకొకటి చూపించి "రెండూ ఒకటే సార్" అంటే ఎందుకు తల ఊపకూడదు అన్నవరకే నేను చెప్పగలను.

ముందు కథ క్లుప్తంగా చెప్పేస్తాను. కడుపులో మంట నాకు ఏళ్ళ తరబడి ఉంది. మన దగ్గర దాన్ని అందరూ గ్యాస్ అనే అంటారు కాబట్టి నేనూ గ్యాసే అనుకుని, పొద్దున్నే యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ బిళ్ళ ఒకటి వేసుకుని నెట్టుకొచ్చాను. అమ్మ ఆవకాయ మానెయ్యమనేది, మా ఆవిడ టీ మానెయ్యమనేది, నేను మాత్రం ఉద్యోగం మానేస్తే తగ్గుతుందనుకునేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక నొప్పితో మెలకువ రావడం, రెండు బిస్కెట్లు తింటే తగ్గడం మొదలయ్యాక కూకట్‌పల్లిలో ఒక గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎండోస్కోపీ చేసి చిన్న పేగు మొదట్లో పుండు ఉందన్నారు, అప్పుడే కడుపులోంచి చిన్న ముక్క తీసి, హెచ్. పైలోరి ఉందో లేదో చూసే యూరియేజ్ టెస్టు చేస్తే పాజిటివ్ వచ్చింది. టెన్షన్ వల్లా కారం వల్లా అల్సర్ వస్తుందని మనం అనుకుంటాం కదా, చాలామంది విషయంలో అసలు కారణం ఈ బ్యాక్టీరియానే అట. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు ఆ సంగతి ఎవరూ నమ్మడం లేదని 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని తనే తాగేసి, జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడట. 2005లో ఆయనకీ, ఆయనతో కలిసి పనిచేసిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. డాక్టరుగారు ఇది చెబుతుంటే నాకు నొప్పి కాసేపు మర్చిపోయినట్టయింది.

మొదటి కోర్సు సులువే. ఒక కిట్ ఇస్తారు, రోజుకో అట్ట, పొద్దున ఇవి, రాత్రి ఇవి అని దాని మీదే గుర్తులుంటాయి. అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే బిళ్ళ. 14 రోజులు. ఆ కిట్ ఏ సందు చివర షాపులోనైనా దొరుకుతుంది. ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను. కోర్సు అయ్యాక 4 వారాలు ఆగి, టెస్టుకి ముందు 2 వారాలు పాంటోప్రజోల్ కూడా ఆపేసి (అది ఆపకపోతే క్రిమి ఉన్నా లేదని చూపించే అవకాశం ఉంది, ఈ మాట చాలా ల్యాబుల్లో మనం అడిగితే తప్ప చెప్పరు) ఊపిరి ఊది చేసే యూరియా బ్రెత్ టెస్టు చేయించుకున్నాను. మళ్ళీ పాజిటివ్.

"మీరు జలుబు చేసినప్పుడల్లా అజిత్రోమైసిన్ వేసుకునేవారా?" అని అడిగారు డాక్టరుగారు. ఎవరు వేసుకోరండీ! మూడు బిళ్ళల అట్ట షాపువాడు అడక్కుండానే ఇచ్చేస్తాడు, కోవిడ్ టైములో అయితే మా అపార్ట్‌మెంటులో పప్పు, ఉప్పుతో పాటు అది కూడా అందరిళ్ళలో స్టాకు ఉండేది. క్లారిత్రోమైసిన్ కూడా ఆ జాతి మందే, దానికి అలవాటుపడిన క్రిమి దీనికీ లొంగదు అన్నారు. అందుకని ఈసారి వేరే దారి, నాలుగు మందులు కలిపి వాడేది, దాన్ని బిస్మత్ క్వాడ్రపుల్ అంటారు అని చెప్పి చీటీ రాశారు.

చీటీలో ఉన్నవి ఇవి. యాసిడ్ తగ్గించే ఎసోమెప్రజోల్ 40 మి.గ్రా. రోజుకి రెండుసార్లు తిండికి ముందు. బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 రోజుకి నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 400, అంటే విరేచనాలకి మనందరం ఎప్పుడో ఒకప్పుడు మింగిన ఫ్లాజిలే, మూడుసార్లు. టెట్రాసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్ 500 నాలుగుసార్లు. అన్నీ 14 రోజులు. టెట్రాసైక్లిన్ అన్న మాట కింద గీత గీసి, పక్కన "నో డాక్సీ" అని రాశారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. "ఇది దొరకడం కొంచెం కష్టం. షాపులో డాక్సీసైక్లిన్ ఇస్తామంటారు. రెండూ ఒకే కుటుంబం మందులే కానీ ఈ క్రిమి మీద డాక్సీ అంత బాగా పనిచేయదు. దొరక్కపోతే నాకు ఫోన్ చేయండి, మీ అంతట మీరు మార్చుకోవద్దు. ఇంకో మాట, నాలుగూ పూర్తి కోర్సుకి సరిపడా చేతికి వచ్చాకే మొదలుపెట్టండి" అన్నారు. ఆ చివరి మాట ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

మా ఇంటి దగ్గర షాపుతో మొదలుపెట్టాను. మిగతా మూడూ అక్కడే దొరికాయి, బిస్మత్ మాత్రం సాయంత్రానికి తెప్పించాడు. టెట్రాసైక్లిన్ దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు చీటీని వెలుతురులో పెట్టి చూసి, "అది వస్తలేదు సార్. డాక్సీ ఇయ్యమంటరా? సేమే" అన్నాడు. పక్కన రాసింది చూపిస్తే "డాక్టర్లు అట్లనే రాస్తరు సార్" అని నవ్వాడు. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు, వాడికి నిజంగానే రెండూ ఒకటే. కానీ అడుగుతున్నది 14 రోజుల కోర్సు, ఇప్పటికే ఒక కోర్సు వృథా అయింది, ఇది కూడా పోతే మూడోసారి ఏం మిగులుతుందో తెలియదు. సేమే అనే మాటకి నేను ఒప్పుకోదలచుకోలేదు.

తర్వాత పెద్ద పెద్ద చెయిన్ షాపులు. అక్కడ మనిషి కంటే కంప్యూటరు ముందు జవాబు చెబుతుంది. కుర్రాడు మొదటి నాలుగు అక్షరాలు కొడతాడు, స్క్రీన్ మీద ఏదో వస్తుంది, లోపలికి వెళ్ళి కంటికి రాసుకునే ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చి కౌంటర్ మీద పెడతాడు. టెట్రాసైక్లిన్ అంటే ఇదే ఉంది సార్ అంటాడు. కడుపు నొప్పికి కంటి మందు ఇస్తున్న వాడి మొహంలో ఏ సందేహమూ ఉండదు. ఇలా ఒక షాపులో కాదు, వేర్వేరు షాపుల్లో జరిగింది. అప్పటినుంచి అడిగే పద్ధతి మార్చాను. "టెట్రాసైక్లిన్ హైడ్రోక్లోరైడ్, క్యాప్సూల్, 500 గానీ 250 గానీ, ఏ కంపెనీ అయినా సరే" అని మొత్తం ఒక్క గుక్కలో చెప్పేవాణ్ణి. వాళ్ళ కంప్యూటర్లలో మందులు ఎక్కువగా బ్రాండు పేర్లతో ఉంటాయి, అసలు మందు పేరు కొడితే ఒక్కోసారి ఏదీ రాదు. కాబట్టి ఆ మందుకి మన దేశంలో ఉన్న బ్రాండు పేర్లు ముందే వెతికి ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే పని తేలికవుతుంది.

మందులు ఇంటికి తెచ్చే యాప్ ఒకటి దాన్ని "అందుబాటులో ఉంది" అని చూపించింది. ప్రాణం లేచొచ్చింది. చీటీ ఫొటో పెట్టాను, డబ్బు కట్టాను, ఆర్డర్ ఖాయమైందని మెసేజీ వచ్చింది, వాళ్ళ ఫార్మసిస్టు ఫోన్ చేసి వయసు, అలర్జీలు అన్నీ అడిగాడు కూడా. మర్నాడు క్యాన్సిల్. డబ్బు వెనక్కి వేశారులెండి, అది వేరే విషయం. ఇంకో యాప్‌లో 56 అడిగితే 10 వచ్చాయి, మిగిలినవి వస్తాయో రావో చెప్పేవాడు లేడు. డాక్టరుగారి మాట గుర్తుండబట్టి ఆ 10 మొదలుపెట్టలేదు. మొదలుపెట్టి రెండున్నర రోజులకి అయిపోతే, సగం చచ్చిన క్రిమికి మళ్ళీ లేచి కూర్చోవడానికి టైము ఇచ్చినట్టవుతుంది, పైగా ఈసారి ఈ మందుకి కూడా అలవాటు పడిపోతుంది.

పంజాగుట్టలో పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న షాపుల్లో అడిగాను, అక్కడ కనీసం చీటీ చూడగానే "పైలోరికా?" అన్నారు, అంటే మందు తెలుసు, స్టాకు లేదు. అక్కడ ఒకాయన కోఠి వెళ్ళి చూడమన్నాడు. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి నడిచిపోయే దూరమే. మందుల హోల్‌సేల్ షాపులు అక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, అట్టపెట్టెలు మోసే హమాలీల మధ్య దారి చేసుకుంటూ వెళ్ళాలి. హోల్‌సేల్‌లో మనలాంటివాళ్ళకి అమ్మరు, వాళ్ళు షాపులకి లైసెన్సు నంబరు మీద బిల్లు కొట్టాలి. "మీ షాపాయన్ని అడగమనండి, మేము ఆయనకి వేస్తాం" అన్నాడు ఒకాయన, ఆ మాటే చివరికి దారి చూపించింది. ఆ రోజు మాత్రం చిరాకుగానే తిరిగొచ్చాను. ఒక మిర్చి బజ్జీ తిందామనిపించింది గానీ పుండు గుర్తొచ్చి మానేశాను.

ఈలోగా మా ఊళ్ళో కూడా అడిగించాను. మాది భీమవరం. అక్క వాళ్ళాయన, మా బావగారు, ఊళ్ళో అందరినీ తెలిసిన మనిషి. ఫోన్ చేస్తే "ఓస్ ఇంతేనా, సాయంత్రానికి పంపిస్తానయ్యా" అన్నారు. సాయంత్రం ఫోన్ వచ్చింది, నవ్వు ఆపుకోలేకపోతున్నారు. షాపులో ఈయన మందు పేరు చెప్పగానే కుర్రాడు "టెట్రాసైక్లినాండీ? గేదెకాండీ, ఆవుకాండీ?" అని అడిగాడట. ఆక్సీటెట్రాసైక్లిన్ పశువులకి బాగా వాడతారు కదా, ఆ వైపు అదే గుర్తు. "మా బామ్మర్దికయ్యా" అంటే "ఎంత బరువుంటారండీ?" అన్నాడట. ఇప్పటికీ ఇంట్లో ఏ పెళ్ళిలో కలిసినా బావగారు నన్ను "గేదె మందు ఎంతవరకు వచ్చిందయ్యా" అనే పలకరిస్తారు.

అమ్మకైతే ఈ మందు దొరకదంటే నమ్మకమే కలగలేదు. వాళ్ళ కాలంలో ప్రతి జ్వరానికీ, ప్రతి పుండుకీ ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చేది ఆ గొట్టం బిళ్ళలేనట. చిన్నపిల్లలకి కూడా ఇచ్చేవారు, దానివల్లే ఆ వయసువాళ్ళలో కొందరికి పళ్ళు పసుపు, గోధుమ రంగు చారలు పడి ఉంటాయి. అందుకే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ ఇప్పుడు ఇవ్వరు. ఇంకో విషయం, భీమవరంవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఈ టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్, అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబులో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టాడు, 1948లో బయటికి వచ్చింది. అప్పుడు ఆ ల్యాబులో పరిశోధన అంతటికీ పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో పుట్టింది భీమవరంలోనే. గోదావరి జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. బిళ్ళ కూడా ఆయన ల్యాబు నుంచి వచ్చిందే. ఆయన పుట్టిన ఊళ్ళో ఆ మందు అడిగితే గేదెకా అని అడుగుతున్నారని బావగారితో అంటే, "సుబ్బారావుగారు ఉంటే మటుకు స్టాకు పెట్టుకుంటాడేంటయ్యా, అమ్ముడవ్వాలిగా" అన్నారు.

ఆ ఒక్క ముక్కలో అసలు కారణం ఉంది. తర్వాత మా కాలనీకి అవతల ఉన్న ఒక పాత షాపాయన నాకు అది వివరంగా చెప్పాడు. అరవై దాటిన మనిషి, షాపు చిన్నదే, కంప్యూటరు ఉంది కానీ దాని మీద టవలు కప్పి ఉంటుంది. "ఇది నెలకొకళ్ళు కూడా అడగరు సార్. తెచ్చి పెట్టామనుకోండి, డేటు అయిపోతుంది. వెనక్కిస్తే స్టాకిస్టు ఆ లెక్క తేల్చడానికి నెలలు పెడతాడు. పోనీ అమ్ముడైతే ఎంత మిగులుతుంది, స్ట్రిప్పు రేటే అంతంతమాత్రం. అందుకని మేము ఆర్డర్ పెట్టం, మేము పెట్టట్లేదని స్టాకిస్టు తెప్పించడు, ఆయన తెప్పించట్లేదని కంపెనీ తక్కువ చేస్తుంది. మందు లేక కాదు సార్, అడిగేవాడు లేక." ఖరీదైన కొత్త మందు అయితే మర్నాటికల్లా ఫ్రిజ్‌లో పెట్టి మరీ తెచ్చిస్తారు. పాత మందుకి అలా పరుగెత్తేవాడు ఎవడూ లేడు, ఎందుకంటే పరుగెత్తిన కూలి కూడా గిట్టదు. నాకు కోపం వచ్చింది కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయనే రెండు పనికొచ్చే మాటలు చెప్పాడు. ఒకటి, కడుపు డాక్టర్ల చుట్టూ తిరగడంతో పాటు పాతకాలపు చర్మం డాక్టర్ల క్లినిక్కుల పక్క షాపుల్లో కూడా అడగమన్నాడు. మొటిమలకీ, కొన్ని రకాల పొక్కులకీ పాత డాక్టర్లు టెట్రాసైక్లిన్ రాసేవారట, కొందరు ఇంకా రాస్తున్నారట. రెండు, చిల్లరగా అడిగితే ఎవడూ కదలడు, పూర్తి బాక్సు తీసుకుంటానని ముందే డబ్బు ఇస్తే స్టాకిస్టు దగ్గర తనే చెప్పి తెప్పిస్తానన్నాడు. కోఠిలో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి దగ్గర ఉందో ఆ ఏజెన్సీ పేరు చెప్పాను, ఆయన అక్కడే ఫోన్ చేశాడు. 500 లేదు, 250 ఉంది, కానీ మొత్తానికి సరిపోదు.

చర్మం డాక్టరు సంగతి నేను అంత నమ్మలేదు గానీ వెళ్ళి చూశాను. పక్కా పాత క్లినిక్, కింద మెట్ల పక్కన ఇరుకు షాపు. "ఉంది" అంది కౌంటర్‌లో ఉన్న ఆవిడ, చాలా మామూలుగా. ఇన్నాళ్ళ తిరుగుడు తర్వాత ఆ మాట వినేసరికి నేను మళ్ళీ ఒకసారి అడిగాను, కంటికి కాదు కదమ్మా అని. అక్కడా 250 మి.గ్రా. క్యాప్సూల్సే, కొన్ని స్ట్రిప్పులు. ఒకే బ్యాచ్ కాదు. రెండు స్ట్రిప్పులకి డేటు దగ్గరపడుతోంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఏ మందుకైనా డేటు చూసుకోవాలి కానీ టెట్రాసైక్లిన్‌కి మరీ ముఖ్యం. చాలా మందులు డేటు దాటితే బలం తగ్గి ఊరుకుంటాయి. ఇది మాత్రం పాడైతే కిడ్నీలని దెబ్బతీసిన సందర్భాలు 1960ల నుంచీ ఉన్నాయి. కాబట్టి "ఒక నెలే కదా దాటింది" అనే బేరం దీనితో వద్దు. కోర్సు పూర్తయ్యే రోజు దాకా డేటు ఉండాలి, క్యాప్సూల్ రంగు మారి, పొడి గడ్డకట్టినట్టు ఉంటే తీసుకోవద్దు. నేను ఆ రెండు స్ట్రిప్పులూ వదిలేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, పైగా "మంచి పని చేశారు" అంది.

500 బదులు 250 రెండేసి వేసుకోవచ్చా అని డాక్టరుగారికి వాట్సాప్‌లో అడిగాను. వేసుకోవచ్చు, పూటకి రెండు, ఒక్కటి వేసుకుని ఊరుకోకండి అని జవాబిచ్చారు. ఇలాంటి లెక్క షాపువాళ్ళతో తేల్చుకోవద్దు, ఒక్క మెసేజీ పెడితే అయిపోతుంది. అంటే నాకు కావాల్సింది 112 క్యాప్సూల్స్, పది చొప్పున 12 స్ట్రిప్పులు. చర్మం డాక్టరు షాపులో కొన్ని, పెద్దాయన తెప్పించిన బాక్సులో కొన్ని కలిపి లెక్క సరిపోయింది, కొన్ని మిగిలాయి కూడా. యాప్‌లో వచ్చిన 500ల స్ట్రిప్పు వేరుగా పక్కన పెట్టాను, రెండు బలాలు కలిపితే పొద్దున్నే నిద్రమత్తులో నేనే గందరగోళపడతానని. మొత్తం మందు బిల్లు ఎండోస్కోపీ ఖర్చులో చిన్న ముక్క. తిరగడానికి అయిన పెట్రోలు, మెట్రో, ఆఫీసు సెలవులు లెక్కేస్తే మాత్రం వేరే కథ.

ఇలా ఆలస్యమవుతుంటే భయం లేదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. పుండు నుంచి రక్తం కారడం లేదు కాబట్టి యాసిడ్ బిళ్ళ వేసుకుంటూ ఆగొచ్చు, కొన్నాళ్ళ తేడాకి ప్రమాదం లేదు, సగం మందులతో మొదలుపెట్టడమే నష్టం అన్నారు. నల్లగా తారులా విరేచనం, రక్తపు వాంతి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం చీటీ పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి రమ్మన్నారు. అది నా విషయంలో చెప్పిన మాట, మీ సంగతి మీ డాక్టరునే అడగండి.

మందు దొరకడంతో పని అయిపోతుందనుకున్నాను. మింగడం ఇంకో పని. పొద్దున లేవగానే ఎసోమెప్రజోల్, అరగంట ఆగి టిఫిన్, ఆ వెంటనే టెట్రా రెండు, బిస్మత్ ఒకటి, మెట్రోనిడజోల్ ఒకటి. మధ్యాహ్నం మళ్ళీ. రాత్రి మళ్ళీ. పడుకునే ముందు టెట్రా, బిస్మత్. ఆఫీసులో నా డబ్బా తెరిస్తే పక్కవాళ్ళు కిరాణా కొట్టు తెరిచినట్టు చూసేవారు. ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నాను, మా ఆవిడ వాటిని నమ్మకుండా ఫ్రిజ్ మీద కాగితం అంటించి పూట పూటకీ టిక్ పెట్టేది. ఆ కాగితమే ఎక్కువ పనిచేసింది.

అన్నిటికంటే కష్టం పెరుగు. టెట్రాసైక్లిన్ పాలు, పెరుగు, మజ్జిగ, కాల్షియం, ఐరన్ బిళ్ళలు, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్లు వీటితో కలిస్తే ఒంటికి పట్టదు, కనీసం 2 గంటల తేడా ఉండాలి. రోజుకి నాలుగుసార్లు మందు, ప్రతిసారీ తిండి తర్వాతే అంటే ఇక పెరుగన్నం ఎక్కడ తింటాం? ఆంధ్రా భోజనం పెరుగు లేకుండా ముగించడమంటే నాకు అన్నం తిన్నట్టే ఉండేది కాదు. సాయంత్రం నాలుగింటికి ఒక గ్లాసు మజ్జిగ తాగడానికి మందుల మధ్య ఖాళీ ఒకటి లెక్కలేసి కనిపెట్టుకున్నాను. పాలు పోసిన కాఫీ కూడా ఆ టైముకే. షాపులో చీటీ చూసి మందు ఇచ్చిన వాళ్ళెవరూ ఈ ముక్క చెప్పలేదు, డాక్టరుగారు చెప్పారు కాబట్టి సరిపోయింది.

రాత్రి మందుతో కూడా జాగ్రత్త. క్యాప్సూల్ గుటక నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే అది ఆహార గొట్టంలోనే అంటుకుని అక్కడ పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్ళు తాగి, అరగంటైనా కూర్చోవాలి. ఎండలో తిరిగితే చర్మం మండుతుంది. మెట్రోనిడజోల్ ఉన్నన్నాళ్ళూ, ఆపాక కూడా రెండు మూడు రోజులు మందు ముట్టకూడదు, ఈ మందు వేరు, ఆ మందు వేరు అని మా కొలీగ్ ఒకతను జోకులేశాడు గానీ ఆ టైములోనే అతని హౌస్‌వార్మింగ్ పార్టీ, నేను కొబ్బరినీళ్ళతో కూర్చున్నాను. నోట్లో రోజంతా ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. బిస్మత్ వల్ల నాలుక, విరేచనం నల్లబడతాయి, ముందే చెప్పకపోతే గుండె ఆగిపోయేంత నలుపు. పైన చెప్పిన రక్తం తాలూకు తారు నలుపుకీ దీనికీ తేడా తెలియక అమ్మ ఒకరోజు చాలా కంగారుపడింది. బిస్మత్ నలుపు మామూలుగానే గట్టిగా ఉంటుంది, నీరసం, కళ్ళు తిరగడం ఉండవు, అనుమానం ఉంటే ఫోన్ చేయండి అన్నారు డాక్టరుగారు. వారం దాటాక వికారం బాగా పెరిగింది, ఆపేద్దామా అనిపించింది. ఆపితే మళ్ళీ ఆ షాపులన్నీ తిరగాలన్న ఆలోచన ఒక్కటే నన్ను ఆపింది, ఆరోగ్యం మీద శ్రద్ధ అని అబద్ధం చెప్పను.

కోర్సు అయ్యాక మళ్ళీ అదే వరస. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపి కనీసం 4 వారాలు, యాసిడ్ బిళ్ళ ఆపి 2 వారాలు, అప్పుడు బ్రెత్ టెస్టు. ఆ చివరి రెండు వారాలు మంట వస్తుందేమోనని చూశాను, పెద్దగా రాలేదు. రిపోర్టు నెగటివ్. నొప్పి తగ్గింది కదా అని ఈ టెస్టు ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది ఉంటారట. మొదటి కోర్సు తర్వాత నాకూ నొప్పి తగ్గింది, క్రిమి మాత్రం కదల్లేదు కదా.

మిగిలిన స్ట్రిప్పులు ఏం చేయాలో అని పెద్దాయన దగ్గరికే తీసుకెళ్ళాను. డబ్బు అడగలేదు, ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని. తీసుకోనన్నాడు, ఒకసారి బిల్లయి బయటికి వెళ్ళిన మందు మళ్ళీ అమ్మడు, ఎలా ఉంచారో ఏమో ఎవరికి తెలుసు సార్ అన్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఇంకా పెరిగింది. కాకపోతే ఆ ఏజెన్సీ నుంచి ఇంకో బాక్సు తనే తెప్పించి పెట్టుకున్నాడు. డాక్టరుగారి క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయికి ఆ షాపు నంబరు ఇచ్చి వచ్చాను, టెట్రాసైక్లిన్ రాసిన చీటీ వెనక ఆ నంబరు రాసి ఇస్తోందట.

అమ్మకి కూడా చాలా ఏళ్ళుగా గ్యాసే. ఆవిడకి మలంలో ఈ క్రిమి జాడ చూసే స్టూల్ యాంటిజెన్ టెస్టు రాశారు, రిపోర్టు ఇంకా రావాలి. ఏ కోర్సు రాస్తారో తెలియదు గానీ, ఎందుకైనా మంచిదని పెద్దాయనకి ఫోన్ చేసి ఆ బాక్సు ఖాళీ అవుతుంటే చెప్పమన్నాను.